బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: కిలోమీటర్లు కాదు, మజిలీ చూసుకోండి

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే బెంగళూరుకీ శాన్ ఫ్రాన్సిస్కోకీ మధ్య దాదాపు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిరిండియా నాన్‌స్టాప్ తొలి విమానం అక్కణ్ణుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఇక్కడికొచ్చింది. ఇలాంటి సర్వీసులు వస్తుంటాయి, ఆగిపోతుంటాయి. ఎక్కువమంది మధ్యలో ఒకచోట విమానం మారే వెళ్తారు.

టికెట్ మీద టైములు ఏ ఊరివి ఆ ఊరివే. మధ్యాహ్నం 2:30కి ఎక్కి అదే రోజు సాయంత్రం 5:30కి దిగుతారని ఉంటే అది మూడు గంటల ప్రయాణం కాదు. చలికాలంలో మనం పదమూడున్నర గంటలు ముందుంటాం, కాబట్టి పదహారున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా పన్నెండున్నరే.

దుబాయ్ మీదుగా దూరం సుమారు 15,700, ఫ్రాంక్‌ఫర్ట్ అయితే 16,550, సింగపూర్ అయితే 16,800 కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్లంటే గాల్లో గంటా గంటంబావు, దానికోసం తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. ప్రయాణం ఎక్కడ విరుగుతుందన్నదే చూడాలి. దుబాయ్ నాలుగు గంటలు, ఆపైన పదహారు. సింగపూర్ నాలుగున్నర, పదిహేను. తిరుగు ప్రయాణంలో పసిఫిక్ మీద ఎదురుగాలికి ఆ పదిహేను ఇంకో గంటన్నర పెరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఒక్కటే దాదాపు సగానికి విరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అదే నయం, వీల్‌చైర్ 48 గంటల ముందే చెప్పి ఉంటే.

అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూలు విమానాలు ఉండవు. సాయంత్రం కనెక్షన్ తప్పితే తెల్లారేదాకా అక్కడే. షెంగెన్ వీసా (జర్మనీ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లేది) లేకపోతే ఊళ్ళో హోటల్ ఇచ్చినా బయటికి పోలేరు. లోపలి ట్రాన్సిట్ హోటల్లో గది దొరికితే అదృష్టం. సింగపూర్ విమానాశ్రయం చాంగీలోనూ, దుబాయ్‌లోనూ ఇమిగ్రేషన్ దాటకుండానే గదులున్నాయి. పడుకోవడానికైతే మా ఓటు చాంగీకే. సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే కాబట్టి నీళ్ళ సీసా అక్కడ ఖాళీ చేయాల్సిందే.

మజిలీ మూడు గంటలకు తగ్గనివ్వకండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే చవకే, కానీ మొదటిది ఆలస్యమైతే రెండోవాళ్ళకు బాధ్యత లేదు. సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయడానికి ఆ దేశపు వీసా కూడా కావాలి.

కందిపొడి, కారప్పొడి, పచ్చళ్ళు చెకిన్ పెట్టెలోనే. అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతిసంచిలో ఉంటే విప్పి చూస్తారు, తేలకపోతే తీసేస్తారు. కరివేపాకు ఎందులోనూ వద్దు, అమెరికా కస్టమ్స్‌లో పోతుంది. మందులు మాత్రం చేతిసంచిలోనే.

బెంగళూరులో అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి. ఊరి నడుమనున్న మెజెస్టిక్ నుంచి 35 కిలోమీటర్లే అయినా సాయంత్రం రెండు గంటలు వేసుకోండి. అనంతపురం, హిందూపురం వాళ్ళకు ఆ బాధ లేదు: విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి బెంగళూరు ఊరికి ఇవతలే, అక్కడి ట్రాఫిక్‌ను తాకకుండానే దిగిపోవచ్చు.