ఆపరేషన్ అయిన పిల్లికి చలి రాత్రుల్లో ఏది మేలు: హీటరా, వేడినీళ్ల సంచా, అట్టపెట్టెలో బొంతా?

హైదరాబాద్‌లో చలి పెద్దగా ఉండదనుకునేవారు డిసెంబరు చివరి వారంలో తెల్లవారుజామున నాలుగు గంటలకు, బండలు పరిచిన హాల్లో చెప్పులు లేకుండా పది నిమిషాలు నిలబడి చూడాలి. మూడేళ్ల క్రితం అటువంటి రోజుల్లోనే మా పిల్లికి గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించి సాయంత్రానికి ఇంటికి తెచ్చుకున్నాము. పొట్ట మీద అరచేయంత మేర బొచ్చు గొరిగేసి ఉంది. కళ్లు తెరిచే ఉన్నా లోపలి మూలల నుంచి తెల్లని పొర సగం దాకా కమ్ముకొని ఉంది. చెవి కొన ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన తమలపాకులా చల్లగా తగిలింది. ఆ రాత్రి మొదలుకొని కుట్లు విప్పేవరకు 12 రోజుల్లో గది హీటరు, కరెంటుతో వేడెక్కే ప్యాడ్, రబ్బరు వేడినీళ్ల సంచి, అట్టపెట్టె అన్నీ వాడి చూశాను గనుక, వాటిలో దేన్ని ఎప్పుడు నమ్మవచ్చో నాకు తెలిసినంతలో చెబుతాను.

ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంటి వేడి సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి 30 డిగ్రీలకు తగ్గితే చాలు, ఆ వేడిని నిలుపుకోవడానికి పిల్లి శరీరం అదనంగా శ్రమపడవలసి వస్తుంది. మనకు హాయిగా తోచే 22 డిగ్రీల గది దానికి చల్లనిదే. మామూలు రోజుల్లో దట్టమైన బొచ్చు, ముడుచుకుని పడుకునే అలవాటు ఆ లోటు తీరుస్తాయి. మత్తుమందు ఒంటి వేడిని అదుపు చేసే శక్తిని మందగింపజేస్తుంది, రక్తనాళాలు విప్పారడంతో లోపలి వేడి చర్మం మీదికి వచ్చి పోతుంది, ఆపైన పొట్ట బొచ్చు కూడా లేకపోవడంతో మొదటి రాత్రి ఆ రక్షణలన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. ఒళ్లు చల్లబడితే మత్తు విరగడం ఆలస్యమవుతుంది, మత్తు విరగనంతసేపు పిల్లి కదలదు, కదలకపోతే ఇంకా చల్లబడుతుంది.

ఆ రాత్రి కంగారులో నేను మొదట పెట్టింది గది హీటరు. రెండు గంటల తరువాత నా ముఖం మంటెత్తింది గానీ పిల్లి పాదాలు చల్లగానే ఉన్నాయి. వేడి గాలి పైకి పోతుంది, పిల్లి ఉన్నది నేల మీద, ఆ నేల మీది బండ దాని ఒంట్లోని వేడిని నిదానంగా లాగేస్తూనే ఉంటుంది. మంచం మీద పడుకోబెడదామంటే, మత్తు పూర్తిగా దిగని పిల్లి అక్కడి నుంచి దూకితే కుట్లకు ప్రమాదం. హీటరు వల్ల గాలి పొడిబారుతుంది కూడా. జలుబు చేసి ముక్కు దిబ్బడతో కోలుకుంటున్న పిల్లికి అది మరింత ఇబ్బంది. పిల్లిని తేబోయే ముందు ఒక అరగంట గదిని వేడిచేసి ఆపేయడానికి హీటరు పనికివస్తుంది, రాత్రంతా దాని మీద ఆధారపడలేము. పల్లెటూళ్లలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉన్నచోట ఒక హెచ్చరిక చేయక తప్పదు: తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనుషులకూ పిల్లికీ ప్రాణాంతకం.

కరెంటు ప్యాడ్ చూడటానికి అన్నిటికంటే సుఖమైన ఏర్పాటు, కానీ మొదటి రాత్రికి నా లెక్కలో అన్నిటికంటే అపాయకరమైనది అదే. మెలకువగా ఉన్న పిల్లి వేడెక్కువైతే లేచి పక్కకు జరుగుతుంది. మత్తులో ఉన్నది జరగలేదు, ఒకేచోట గంటల తరబడి తగిలే కొద్దిపాటి వేడికే చర్మం కాలుతుంది, ఆ గాయం బొచ్చు కింద దాగి కొన్ని రోజుల తరువాత గానీ బయటపడదు. తీగ కొరికే అలవాటున్న పిల్లులైతే షాకు భయం కూడా ఉంటుంది. కీళ్ల నొప్పులున్న ముసలి పిల్లికి, తనంతట తాను లేచి తిరగగలిగితే, వేడిని అదుపు చేసే ఏర్పాటున్న ప్యాడ్‌ను తక్కువ వేడిలో, పక్కలో సగానికి మాత్రమే పరిచి వాడవచ్చు.

వేడినీళ్ల సంచిలోని మంచి గుణం ఏమిటంటే, అది సమయం గడిచేకొద్దీ చల్లారుతుందే తప్ప వేడెక్కదు. అందులో మరిగిన నీళ్లు పోయకూడదు, మన చెయ్యి ఓర్చుకోగల నీళ్లే పోసి, మూత బిగించి, మందపాటి తువ్వాలును రెండు మడతలుగా చుట్టి, పిల్లి వీపు వైపు పెట్టాలి. కోత ఉన్న పొట్ట కిందికి రానీయకూడదు. దీని లోపం కూడా ఆ చల్లారడంలోనే ఉంది. రెండు మూడు గంటలు గడిచాక అలాగే వదిలేస్తే చల్లారిన నీళ్లు పిల్లి ఒంటి వేడినే పీల్చుకోవడం మొదలుపెడతాయి. కాబట్టి అలారం పెట్టుకొని లేచి నీళ్లు మార్చేవారికే ఇది తగినది, లేవలేమనుకుంటే నిద్రపోయే ముందు సంచిని తీసివేయడం మంచిది.

చివరికి మా ఇంట్లో నిలిచింది కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టె. దాని కింద థర్మోకోల్ పలక, లోపల నాలుగు పొరల వార్తాపత్రికలు, వాటి మీద మా అమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంత వేశాము. పెట్టె పిల్లి ముడుచుకుని పడుకోవడానికి, ఒకసారి తిరగడానికి సరిపోయేంతే ఉండాలి, పెద్దదైతే లోపలి గాలిని దాని ఒంటి వేడి వెచ్చబరచలేదు. మేము చేసిన తప్పు ద్వారం దగ్గర జరిగింది. గుండ్రంగా చిన్న కంత కోశాము, కుట్లు నాకకుండా మెడకు తొడిగిన గరాటులాంటి కోన్ కాలరు దానికి తట్టుకుని పిల్లి వెనక్కి వెనక్కి నడిచింది. ఆ తరువాత ఒక పక్క గోడను కాలరు వెడల్పుకంటే నాలుగు వేళ్లు ఎక్కువగా, నేల దాకా కోసి, పైనుంచి పాత టవలు వేలాడదీస్తే తల వంచకుండా, దూకకుండా లోపలికి పోయింది.

అందుచేత నా అభిప్రాయం ఇది: మొదటి రాత్రికి అట్టపెట్టె, అందులో ఒక పక్కన వేడినీళ్ల సంచి, పక్కన మెలకువగా ఒక మనిషి. రెండో రోజు నుంచి పెట్టె, బొంత చాలు. చలికాలంలో పిల్లి వెచ్చదనం వెతుక్కుంటూ ఫ్రిజ్ మీదికి, బీరువా మీదికి ఎక్కుతుంది, కుట్లున్న 10 నుంచి 14 రోజులు అలా ఎక్కి దూకడమే మనకు పెద్ద భయం. నేల మీద అంతకంటే వెచ్చని చోటు చూపిస్తే ఎక్కవలసిన అవసరమే తగ్గుతుంది. పగలు కిటికీలోంచి పడే నీరెండకు సాటివచ్చే పరికరం ఏదీ లేదు, పెట్టెను ఎండ వెంట జరుపుతూ ఉంటే చాలు. డాబా మీదికి మాత్రం వదలవద్దు.

అన్నం ముట్టకపోతే కూడా చలే కారణమనుకొని ఊరుకోకూడదు. ఫ్రిజ్‌లో ఉంచిన తిండిని గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేచి పిల్లి మూతి పెడుతుంది. అయినా ఒక రోజంతా తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి, ఎందుకంటే కొన్ని రోజులు తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు వెచ్చగా ఉందని, వణుకుతోందని మన పారాసిటమాల్ ముక్క వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు. దాన్ని విరగగొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, సగం మాత్ర కూడా చంపేయగలదు. కర్పూరం, యూకలిప్టస్ తైలం కలిసిన జలుబు మందులు పూయడం కూడా అటువంటిదే, నాకిన ప్రతిసారీ ఆ విషం లోపలికి పోతుంది.

వీధి పిల్లులకు ఆపరేషన్ చేయించేవారి సంగతి వేరు. ఆదిలాబాద్ వైపు రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి దిగే రోజుల్లో, పొట్ట గొరిగిన పిల్లిని మర్నాడే వీధిలో వదలడం నాకు న్యాయంగా తోచదు, ఇంకో రెండు మూడు రోజులు లోపల ఉంచగలిగితే ఉంచాలి. వదిలాక బయట పెట్టే పెట్టెలో మాత్రం బొంత వేయవద్దు, అది మంచుకు తడిసి చల్లని గుడ్డ అవుతుంది. అక్కడికి ఎండిన వరిగడ్డి మేలు. అయితే గడ్డి పరకలు పచ్చి కోతకు గుచ్చుకుంటాయి కాబట్టి, గాయం పైన మూసుకున్నట్టు చూసుకున్న తరువాతే గడ్డి వేయాలి.