ఎవరి తాళంచెవి వాళ్లకే: వర్డ్‌ప్రెస్ యూజర్ రోల్స్‌తో మా ఆరేళ్లు

అమలాపురం నుంచి మేం ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం, అంబాజీపేట కొబ్బరి ధర, భీమవరం వైపు రొయ్య ధర, లంక గ్రామాల (గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్లు) కబుర్లు, ఇవీ అందులో ఉండేవి. రాసేవాళ్లం పదకొండు మందిమి, అందరికీ వేరే పనులున్నాయి. ఒక క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని, అందులో వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని 2019 నుంచి వాడుతున్నాం. నేను ఇక్కడ రాసేది దానిలోని యూజర్ రోల్స్ గురించి మాత్రమే. అంటే సైట్‌లో ఎవరు రాయొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరు పబ్లిష్ నొక్కొచ్చు అనే ఏర్పాటు.

మొదటి ఏడాదిన్నర ఆ ఏర్పాటు జోలికే పోలేదు. ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్. దాన్ని వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి పెట్టుకున్నాం. అందరం అడ్మిన్లమే, అంటే సైట్ మొత్తం అందరి చేతిలోనూ ఉండేది. మనవాళ్లే కదా, మనలో మనకి హద్దులెందుకు అనుకున్నాం.

రెండో ఏడు ఆగస్టులో గోదావరి పెరుగుతోంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మట్టం 11.75కి చేరిన రాత్రి మా సైట్‌లో 17.75 అని పడింది. మూడో హెచ్చరిక అంటే లంకల్లో పరిస్థితి ఏమిటో ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాసేపటికి ఓ లంక నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబుగారూ, గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలేశామండి. ఆడాళ్లనీ పిల్లల్నీ ఈ చీకట్లో పడవెక్కించమంటారా, తెల్లారేదాకా ఆగమంటారా?" ఫోన్‌లో వాన చప్పుడు, వెనకాల ఎవరో పేర్లు పెట్టి పిలుస్తున్న కేకలు. అంకె తప్పని చెప్పి క్షమాపణ అడిగాను. "ఆయ్, ఫర్లేదండి, వరద రాకపోతే అంతకన్నా ఏం కావాలండి" అన్నారాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆ పేజీ రివిజన్స్ తెరిచాను. ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు అన్నది వర్డ్‌ప్రెస్ వరసగా చూపిస్తుంది. రాత్రి 9 గంటలకి ఒక మార్పు, 9.40కి ఇంకొకటి, పదింటికి ఇంకొకటి. అన్నిటి పక్కనా ఒకటే పేరు, అడ్మిన్. ఒకటిని ఏడుగా ఎవరి వేలు కొట్టిందో ఈ రోజుకీ తెలీదు. అడిగితే పదిమందీ "నేను కాదనుకుంటా" అన్నారు. ఆ తర్వాత నెల రోజులు ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోలేకపోయాం. ఎవరి లాగిన్ వాళ్లకుంటే ఒక్కరి పొరపాటు ఒక్కరిదిగా ఉండేది, సరిదిద్దుకుని ముందుకు పోయేవాళ్లం. మేం నమ్మకం అనుకున్న ఆ ఒక్క పాస్‌వర్డ్, అందరి మీదా అనుమానం తెచ్చింది.

ఇక రోల్స్ సంగతి. వర్డ్‌ప్రెస్‌లో ఒక సైట్‌కి మామూలుగా ఐదు రోల్స్ ఉంటాయి: సబ్‌స్క్రైబర్, కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్, అడ్మినిస్ట్రేటర్. 2005లో వచ్చిన 2.0 వెర్షన్‌కి ముందు సున్నా నుంచి పది దాకా లెవెల్స్ ఉండేవి, వాటి బదులు ఈ పేర్లు వచ్చాయి. పేరు వెనకాల ఉండేది చిన్నచిన్న అనుమతుల కట్ట. సబ్‌స్క్రైబర్ లాగిన్ అయి చదవగలరు, అంతే. కంట్రిబ్యూటర్ తన పోస్టు రాసి రివ్యూకి పంపగలరు, పబ్లిష్ చేయలేరు. ఆథర్ తన పోస్టు తానే పబ్లిష్ చేసుకుంటారు, ఫొటోలు ఎక్కిస్తారు. ఎడిటర్ ఎవరి పోస్టునైనా దిద్దుతారు, తీసేస్తారు. ప్లగిన్లు (అదనపు పనుల కోసం సైట్‌కి కలిపే చిన్న ప్రోగ్రాములు), థీములు (సైట్ రూపం), యూజర్లు అడ్మిన్ చేతిలో ఉంటాయి.

మాకు బాగా పనికొచ్చింది కంట్రిబ్యూటర్ రోల్. ఒక ఉదాహరణ చెప్తాను. అంబాజీపేటలో కురిడీ (ఎండు) కొబ్బరి ధర చెప్పేటప్పుడు గండేరా రకం వేరు, గటగట రకం వేరు, అందులో పాతవి వేరు, కొత్తవి వేరు. అన్నీ వెయ్యి కాయల లెక్కన. కొత్తగా రాస్తున్న కుర్రాడు ఒకసారి గండేరా ధర తీసుకెళ్లి గటగట పక్కన వేశాడు. పోస్టు పెండింగ్‌లో ఉంది కాబట్టి, మా ఎడిటర్‌గా ఉన్న కొబ్బరి వ్యాపారి మావయ్యగారు చూసి ఫోన్ చేశారు. "ఈ ధర చూసి రైతు కొట్టు దగ్గరకెళ్తే గొడవైపోద్దిరా అబ్బాయ్" అన్నారు. కుర్రాడు అరనిమిషంలో సరిచేశాడు. బయట ఎవరికీ తెలియలేదు. ఇప్పుడా కుర్రాడే ఆ ధరలు ఎవరి సాయం లేకుండా రాస్తున్నాడు, ఆథర్ రోల్ కూడా ఇచ్చాం.

కంట్రిబ్యూటర్‌తో మూడు ఇబ్బందులున్నాయి, ముందే తెలుసుకుంటే మంచిది. ఒకటి, ఫొటో ఎక్కించే అనుమతి ఉండదు. కనకాయలంక కాజ్‌వే మీదకి నీళ్లొచ్చాయని అక్కడి మనిషి రాస్తాడు, ఫొటో మాత్రం వాట్సాప్‌లో నాకు పంపాలి, నేను ఎక్కించాలి. ఏడాది పాటు ఇలాగే చేసి విసిగిపోయాం. తర్వాత రోల్స్ మార్చే ప్లగిన్ వేసి, కంట్రిబ్యూటర్‌కి ఆ ఒక్క అనుమతి కలిపాం. రెండు, పోస్టు పబ్లిష్ అయ్యాక రాసినవాళ్లకి దాన్ని ముట్టుకునే వీలుండదు. పొద్దున వేసిన ధర సాయంత్రానికి మారితే మళ్లీ ఎడిటర్నే పట్టుకోవాలి. దీన్ని మేం మార్చలేదు. ఒకసారి చూసి పబ్లిష్ చేసినదాన్ని, మళ్లీ ఎవరూ చూడకుండా మార్చడం మాకు ఇష్టం లేదు. మూడు, పోస్టు రివ్యూకి వచ్చిందని ఎడిటర్‌కి మెయిల్ దానంతట అది వెళ్లదు. దానికీ ఒక ప్లగిన్ కావాలి. మావాళ్లు మెయిల్ చూడరు కాబట్టి మేం ఒక మిస్డ్ కాల్‌తో సరిపెట్టుకున్నాం.

అన్నిటికన్నా తలనొప్పి తెచ్చింది నీటిమట్టం పేజీ. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు వేరు, పేజీ వేరు. పోస్టు అంటే తేదీల వరసలో వచ్చే రాత, పేజీ అంటే ఎప్పుడూ ఒకే చోట ఉండేది. ఆథర్‌కి పేజీలు దిద్దే అధికారం ఉండదు, కనీసం ఎడిటర్ అయి ఉండాలి. మాకేమో ధవళేశ్వరం అంకె రాసే మనిషికి ఆ ఒక్క పేజీ చాలు. ఎడిటర్ రోల్ ఇస్తే కొబ్బరి ధరలూ, రొయ్య ధరలూ, ఇంకొకళ్ల వార్తలూ అన్నీ ఆయన చేతికి వెళ్తాయి. ఇవ్వకపోతే అర్ధరాత్రి మట్టం మారిన ప్రతిసారీ నన్ను లేపాలి. మామూలు రోల్స్‌లో ఫలానా విభాగం ఒక్కటే ఫలానా మనిషికి అని ఇచ్చే దారి లేదు.

చివరికి రాజమండ్రిలో తెలిసిన ప్రోగ్రామర్ తమ్ముడొకరు దారి చూపించాడు. నీటిమట్టానికి కస్టమ్ పోస్ట్ టైప్ అని వేరే రకం తయారుచేసి, దానికి సొంత అనుమతులు పెట్టాడు. ఆ అనుమతులు మాత్రమే ఉన్న కొత్త రోల్ ఒకటి చేశాడు. ఆ రోల్‌తో లాగిన్ అయితే కనిపించేవి మూడు గళ్లు: మట్టం, సమయం, కబురు ఎక్కడిది. కొత్త అంకెకీ పాత అంకెకీ మధ్య అడుగు కన్నా ఎక్కువ తేడా ఉంటే అది పబ్లిష్ కాకుండా పెండింగ్‌లో ఆగుతుంది. ఆ రోజే ఇది ఉండుంటే, 17.75 బయటికి పోయేది కాదు.

అసలు పరీక్ష 2022 జూలైలో వచ్చింది. భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వదిలారు. ఆ నాలుగైదు రోజులు మా మట్టం అంకె గంటగంటకీ మారింది, ఒక్కటీ తప్పలేదు. కాకపోతే ఇంకో లోపం అప్పుడే బయటపడింది. అడ్మిన్లం ఇద్దరమే, ఇద్దరం అమలాపురంలోనే. ఒక రాత్రి కరెంటు లేదు, నెట్‌వర్క్ లేదు. సైట్ నెమ్మదించినా ఒక ప్లగిన్ ఆపడానికి కూడా ఎవరమూ లోపలికి పోలేకపోయాం. టెన్షన్‌తో చచ్చిపోయాం. వరద తగ్గగానే చేసిన మొదటి పని, హైదరాబాద్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకుని మూడో అడ్మిన్‌గా పెట్టడం. వరద వచ్చే ఊళ్లో సైట్ నడిపేవాళ్లు ఎవరైనా సరే, ఒక అడ్మిన్‌ని వరద రాని ఊళ్లో పెట్టుకోండి.

ఎడిటర్‌కీ అడ్మిన్‌కీ రెండంచెల లాగిన్ పెట్టాం, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఒక కోడ్ కూడా కొట్టాలి. ఇది వర్డ్‌ప్రెస్‌లో ముందే ఉండదు, ప్లగిన్‌తో పెట్టుకోవాలి. సిగ్నల్ పోతే ఎస్సెమ్మెస్ రాదు కాబట్టి ఫోన్‌లో కోడ్ చూపించే యాప్ తీసుకున్నాం, బ్యాకప్ కోడ్లు కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టాం.

మనిషి మానేసినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాలి. యూజర్‌ని డిలీట్ చేస్తుంటే, అతని రాతలన్నీ తీసేయాలా, ఇంకొకరి పేరు మీదకి మార్చాలా అని వర్డ్‌ప్రెస్ అడుగుతుంది. తొందరలో మొదటిది నొక్కితే ఏళ్ల రాతలు పోతాయి. రెండోది నొక్కితే ఆయన రాసినవన్నీ ఇంకొకరి పేరుతో కనిపిస్తాయి. మాతో మూడేళ్లు లంక కబుర్లు రాసినాయన గల్ఫ్‌కి వెళ్లినప్పుడు నేను ఆ రెండూ చేయలేదు. పాస్‌వర్డ్ మార్చి, రోల్‌ని సబ్‌స్క్రైబర్‌కి దించాను. ఆయన పోస్టుల కింద ఆయన పేరే ఉంది.

నా లెక్కన ఐదుకి నాలుగు మార్కులు. ఉన్న ఐదు రోల్స్ చాలా బాగా ఆలోచించి పెట్టినవి, రోల్స్ పెట్టుకున్నాక ఒక్కసారి కూడా ఇచ్చిన హద్దు దాటి ఎవరూ లోపలికి రాలేదు. విభాగాల వారీగా అనుమతులు సొంతంగా ఇచ్చుకునే వీలు లేకపోవడం వల్ల ఒక మార్కు తగ్గించాను. ప్రోగ్రామర్ తమ్ముడు దొరకని చిన్న బృందాలకి అది పెద్ద అడ్డే.

ఈ జూన్‌లో అయినవిల్లి వైపు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు చేరారు. కంట్రిబ్యూటర్ రోల్ ఇచ్చాను. లంకలో మిర్చి తోటల మీద ఆమె రాసిన మొదటి పోస్టు పెండింగ్‌లో ఉంది. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని చదవాలి.