కుద్రేముఖ్‌లో శిఖరం కన్నా షోలా అడవే మిన్న

కర్ణాటక పడమటి కనుమల్లోని కుద్రేముఖ్ కొండెక్కాలంటే తిరుపతి వాళ్లం బెంగళూరు చేరి, అక్కడ రాత్రిపూట హొరనాడు వెళ్లే బస్సెక్కితే తెల్లవారేసరికి కళసలో దిగుతాం. కళసలో లాడ్జీలున్నా, బసకు మాత్రం నడక మొదలయ్యే ముళ్లోడి పల్లెనే ఎంచుకోండి. చివరి దారంతా రాళ్లే కాబట్టి జీపే గతి. కిరాయి ఎక్కకముందే తేల్చుకోవాలి. మాకు ఎక్కేటప్పుడు చెప్పింది ఒకటి, దిగాక అడిగింది మరొకటి. హోమ్‌స్టేలో గదులు సాదాసీదావే, మా ఫోన్లకు సిగ్నలూ అందలేదు. అయితేనేం, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు, పెనం మీంచి నేరుగా పళ్లెంలో పడే అక్కి రొట్టె (బియ్యప్పిండి రొట్టె), కొసరి కొసరి వడ్డించిన ఆ ఇంటి అక్క... లాడ్జీలో ఇవి దొరకవు.

అటవీ శాఖ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రోజుకు ఇంతమందినే అని పరిమితి ఉంది. ఈ కొండలున్న కుద్రేముఖ్ జాతీయ పార్కులో రాత్రి గుడారం వేయనివ్వరు. ఆ కట్టడి ఉండాల్సిందే.

రానూపోనూ సుమారు 20 కిలోమీటర్లు. చాలామంది దాదాపు 1,890 మీటర్ల శిఖరం మీదే ధ్యాస పెట్టి పరుగులు తీస్తారు. పైకెక్కితే తరచూ మబ్బు తప్ప ఏమీ కనిపించదు. నా మట్టుకు అసలు యాత్ర దారిలోని షోలా అడవుల్లోనే ఉంది. తలకోన చుట్టుపక్కల బండలు, ఎండుటాకులు, ఎర్రచందనం చూసి పెరిగిన కళ్లకు ఇది వేరే లోకం. కొండ భుజాల మీద గడ్డి, రెండు కొండలు కలిసే మడతల్లో మాత్రం పొట్టి చెట్ల చిక్కటి అడవి, అదే షోలా. లోపలికి అడుగు పెట్టగానే పట్టపగలే మసక కమ్ముతుంది. ఒక మాను మీది నాచును వేలితో నొక్కితే మణికట్టు దాకా నీళ్లు కారాయి. వాన లేదు, ఆకులకు తగిలిన మంచే చుక్కలుగా రాలుతోంది. ఆ నీటిని నేల పట్టి ఉంచి, వానలు వెనుదిరిగాక కూడా వాగుల్లోకి కొద్దికొద్దిగా వదులుతుంది. తుంగ, భద్ర, నేత్రావతి పుట్టిన గంగామూల ఈ పార్కులోనిదే. మంత్రాలయం, కర్నూలు దాటి కృష్ణలో కలిసే తుంగభద్రకు మూలం ఇక్కడే కదా! ఇలాంటి కొండల్లో 2005 ఆఖరు దాకా ఇనుప ఖనిజం తవ్వారు. సుప్రీంకోర్టు ఆదేశంతో అది ఆగింది. ఆ తీర్పు విలువ షోలాలో నిలబడితే తెలుస్తుంది.

వర్షాకాలంలో గడ్డి పచ్చగా నిగనిగలాడుతుంది గానీ జలగలు విపరీతం. మేజోళ్ల అంచుల్లో దూరిపోతాయి, ఉప్పు మూట దగ్గర ఉంచుకోండి. పిల్లలతో వెళ్లేవారికి అక్టోబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. పెద్దవాళ్లు వెంట ఉంటే వారిని హొరనాడు అన్నపూర్ణేశ్వరి ఆలయం దగ్గర బస చేయించి మీరు కొండెక్కవచ్చు, అక్కడ భక్తులందరికీ భోజనం పెడతారు.