రాన్ పాలా, రామ్నీయా?

2012లో అమెరికా రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా నిలిచింది మిట్ రామ్నీ. నా మనసు మాత్రం ఆ అభ్యర్థిత్వం కోసం ఆయనతో పోటీపడిన రాన్ పాల్ వైపే.

రామ్నీకి వ్యాపార అనుభవం, పార్టీ పెద్దల అండ, గెలిచే అవకాశం అన్నీ ఉండేవి. అది చిన్న విషయం కాదు. కానీ మసాచుసెట్స్ గవర్నర్‌గా 2006లో ఆరోగ్య బీమా తప్పనిసరి చేసిన మనిషే, అదే తరహా ఒబామా చట్టాన్ని రద్దు చేస్తానని ఊరూరా తిరిగారు. రాష్ట్రం వేరు, దేశం వేరు అన్నారు. ఆ సమాధానం నాకు ఎక్కలేదు.

రాన్ పాల్ టెక్సస్‌లో కాన్పులు చేసిన డాక్టరు. 1976లో కాంగ్రెస్‌లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఒకటే మాట: నోట్లు అచ్చేసుకుంటూ పోతే జీతగాళ్ల డబ్బు విలువ కరిగిపోతుంది. 2008లో బ్యాంకులకు 70,000 కోట్ల డాలర్ల సాయాన్ని రామ్నీ సమర్థించారు. సొంత పార్టీ వాడైన దేశాధ్యక్షుడు బుష్ అడిగినా రాన్ పాల్ వ్యతిరేకంగా ఓటేశారు. 2012 ఫిబ్రవరిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతి బెర్నాంకీ ఎదుట ఒక వెండి నాణెం ఎత్తి చూపించారు. 2006లో దానికి నాలుగు గ్యాలన్ల పైచిలుకు పెట్రోలు వచ్చేదట, 2012 నాటికి దాదాపు పదకొండు. అంటే వెండి నిలబడింది, డాలరే జారింది అని ఆయన వాదన. చదువుకోని వాళ్లకైనా అర్థమయ్యే లెక్క!

గెలిస్తే మొదటి ఏడాదే లక్ష కోట్ల డాలర్ల ప్రభుత్వ ఖర్చు కోస్తానంటే నాకూ టెన్షనే. పైగా పార్టీ అభ్యర్థి ఎంపిక పోటీలో ఏ రాష్ట్రంలోనూ ఓట్లలో ఆయనకు మొదటి స్థానం రాలేదు. అయినా అక్కడ నాకు ఓటుంటే ఆయనకే వేసేవాణ్ణి.