బ్యూనస్ ఎయిర్స్: ఏ పేటలో దిగాలి, ఏం తినాలి, ఎలా తిరగాలి

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ మీద తొలి అభిప్రాయం మంచిదవుతుందా కాదా అన్నది, చూసిన కట్టడాల కంటే దిగిన పేట మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఊరి నడిబొడ్డున ఉన్న ఒబెలిస్కో స్తంభం పక్కనుంటే అన్నీ దగ్గరే కదా అని చాలామంది మైక్రోసెంత్రో అనే ఆఫీసుల పేటలో గది తీసుకుంటారు. పగలు అక్కడ ఆఫీసుల సందడి. చీకటి పడ్డాక, శనివారం మధ్యాహ్నం నుంచీ షట్టర్లు దిగిపోతాయి. రాత్రి భోంచేసి నడిచి రావడానికి ఆ వీధులు బాగుండవు. పైగా ఈ ఊళ్లో రాత్రి భోజనమే తొమ్మిది తర్వాత.

మొదటిసారి వెళ్లేవాళ్లకు రెకొలేతా పేట మేలు. ధర కాస్త ఎక్కువే గానీ రాత్రిపూట నిశ్శబ్దం, వెలుతురున్న వీధులు, డీ, హెచ్ మెట్రో లైన్లు రెండూ అందుబాటులో. పలెర్మోలో చెట్లు, కెఫేలు, తిండి అన్నీ బాగుంటాయి. అయితే ప్లాసా సెర్రానో చుట్టుపక్కల శుక్ర, శనివారాల్లో తెల్లవారేదాకా గోల తగ్గదు. అక్కడే ఉండాలనుకుంటే ఆ కూడలికి నాలుగైదు వీధుల అవతల చూసుకోవాలి. సాన్ తెల్మో పాత అందం నిజమే. కానీ గతుకుల రాళ్ల వీధుల్లో సూట్‌కేసు చక్రాలు విరగ్గొట్టుకుని, ఆదివారం సంతనాడు గుమ్మం దాటలేక ఇబ్బంది పడే కంటే, అక్కడికి పగలు వెళ్లి రావడమే సుఖం.

గది బుక్ చేసేటప్పుడు 'కొంత్రాఫ్రెంతే' అని అడగండి. భవనం వెనకవైపు గది అన్నమాట. సిటీ బస్సుల మోత ఉండదు. పాత అపార్ట్‌మెంట్లలో లిఫ్టుకు చేత్తో లాగే జాలీ తలుపులు రెండుంటాయి. దిగాక రెండూ మూయకపోతే లిఫ్టు అక్కడే ఆగిపోతుంది, కింద నుంచి పొరుగువాళ్ల కేకలు మొదలవుతాయి. జనవరి అక్కడ వేసవి; ఆ వడగాలుల్లో కరెంటు పోవడమూ ఉంది కనుక ఆ నెలలో పై అంతస్తు వద్దు. మనవాళ్లకు ఊరట ఏమిటంటే, అక్కడి బాత్రూముల్లో నీళ్లతో కడుక్కునే బిడే మామూలే.

హోటలా అపార్ట్‌మెంటా అన్న లెక్కలో ఒక విషయం మరిచిపోతారు. విదేశీ కార్డుతో డబ్బు కట్టి పాస్‌పోర్టు చూపిస్తే హోటల్ గది మీద 21 శాతం వ్యాట్ ఉండదు. నగదు ఇస్తే ఆ మినహాయింపు పోతుంది. దుకాణాల్లో, రెస్టరెంట్లలో దీనికి తలకిందులు: నగదుకే తగ్గింపు ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఏటీఎంలో ఒక్కసారికి వచ్చే మొత్తం తక్కువ, రుసుము ఎక్కువ. అందుకే మడతలు, మరకలు లేని కొత్త వంద డాలర్ల నోట్లు తీసుకెళ్లి మార్చుకుంటారు. చిన్న నోట్లకు, పాతవాటికి రేటు తగ్గిస్తారు. ప్లగ్గు ఏటవాలు పిన్నులది. మన చార్జరు పట్టదు, అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి.

తిరగడానికి సూబె కార్డు; బస్సుకూ మెట్రోకూ ఇదే. కియోస్కోలనే చిన్న కొట్లలో దొరుకుతుంది, ఇద్దరు వెళ్తే ఒకటే చాలు, రెండుసార్లు తాకిస్తే సరి. పేరు నమోదు కాని కార్డుకు ఛార్జీ ఎక్కువ పడుతుంది గానీ టాక్సీతో పోలిస్తే అదేమంత కాదు. బస్సును చెయ్యెత్తి ఆపాలి. ఎక్కగానే దిగే చోటు డ్రైవరుకు చెప్పాలి, ఆయన ఛార్జీ నొక్కాకే కార్డు తాకించాలి. ముందే తాకిస్తే పని జరగదు. మెట్రోని అక్కడ సుబ్తే అంటారు. దాని 'ఏ' లైను 1913 నాటిది, లాటిన్ అమెరికాలో మొదటిది. రాత్రి పదకొండు ప్రాంతానికి సుబ్తే మూతపడుతుంది; బస్సులు రాత్రంతా ఉంటాయి. ఎసెయిసా విమానాశ్రయం నుంచి 8వ నంబరు బస్సు చవకే అయినా దాదాపు రెండు గంటలు. సామానుంటే టాక్సీయే నయం.

శాకాహారులు అసలు జాగ్రత్త పడాల్సింది తిండి దగ్గర. 'కార్నె' (మాంసం) వద్దు అంటే గొడ్డుమాంసం వద్దనే అర్థం చేసుకుంటారు. హ్యామ్, కోడి వచ్చి పడతాయి. 'సిన్ కార్నె, సిన్ పోషో, సిన్ హమోన్' (మాంసం, కోడి, హ్యామ్ లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పండి. సొర్రెంతీనోస్ పాస్తాలో చీజ్‌తోపాటు హ్యామ్ కూరడం పరిపాటి. మెదియాలూనాల్లో (నెలవంక ఆకారపు రొట్టెలు) 'దె మంతేకా' వెన్నవి, 'దె గ్రాసా' జంతువుల కొవ్వుతో చేసినవి. కజ్జికాయల్లాంటి ఎంపనాదల్లో మొక్కజొన్న కూరిన ఉమీత, చీజ్–ఉల్లి రకాలు బాగుంటాయి. పిండిలో కూడా కొవ్వు కలపొచ్చు కనుక పట్టింపున్నవాళ్లు అడగాలి. నిశ్చింతగా తినగలిగేది పిజ్జా. కొర్రియెంతెస్ వీధిలో 1932 నుంచి ఉన్న గుయెర్రీన్ అనే పిజ్జా హోటల్లో నిలబడి తినే బల్లల దగ్గర ఫుగస్సేత అనే ఉల్లిపాయల పిజ్జా ముక్క, దాని మీద ఫైనా అనే శనగపిండి రొట్టె పెట్టుకుని తినండి. శనగపిండి తగలగానే ప్రాణం లేచొస్తుంది. కారం మాత్రం ఆశించకండి. మిరప్పొడి ఇంటి నుంచే పట్టుకెళ్లాలి.

మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా చాలా వంటిళ్లు మూసే ఉంటాయి. ఆ వేళ పిజ్జా, కెఫేలే గతి. వండుకునేవాళ్లకు 'దియెతేతికా' అనే ఆరోగ్యాహార దుకాణాల్లో పప్పులు, పసుపు తూకానికి ఇస్తారు. పెరుగు తియ్యగా ఉంటుంది, 'నతురాల్ సిన్ అసూకార్' (చక్కెర లేనిది) అని రాసిందే తీసుకోండి. రెస్టరెంటు బిల్లులో 'కుబియెర్తో' అనేది రొట్టెకు, పళ్లేనికి వేసే రుసుము. టిప్పు పది శాతం వేరే.

టాంగో విందు ప్రదర్శనలకు డబ్బు తగలేయనక్కర్లేదు. బర్రాంకాస్ దె బెల్గ్రానోలోని లా గ్లోరియెతా మండపంలో ఆరుబయట మిలోంగా, అంటే జనం చేరి టాంగో ఆడే సభ, చూడటానికి టికెట్టు లేదు. మామూలు మిలోంగాకి వెళితే పద్ధతి తెలిసుండాలి: మూడు నాలుగు పాటలు ఒక విడత, జంటలు గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతాయి, ఆడదామన్న పిలుపు కళ్లతోనే. జంటగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మరెవరూ పిలవరు. ఇతరులతో ఆడాలనుంటే విడివిడిగా కూర్చోవాలి. తెయాత్రో కొలోన్ ఒపెరా హౌసులో అన్నిటికంటే పైనున్న పరైసోలో నిలబడి చూసే టికెట్లు చవక. గైడుతో భవనం చుట్టి రావడం కంటే అదే మంచి బేరం.

లా బోకా పేటలో కమినీతో అనే రంగురంగుల వీధి చుట్టుపక్కల నాలుగు వీధులు దాటొద్దు. 29 లేదా 152 బస్సులో వెళ్లి చీకటి పడకముందే అందులోనే తిరిగి రండి. బట్టల మీద ఏదో పడిందని తుడవడానికి వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, ఆ సందులో సంచీ పోతుంది. కెఫే బల్ల మీద ఫోను పెట్టడమూ అంతే.

అర్జెంటీనా మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాలుగా పెట్టిన జాబితాలో ఉంది. టీకా పత్రం లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, బయల్దేరే ముందే పని కానివ్వండి.