ఫోర్ ఐరన్ తీసేసి హైబ్రిడ్ పెట్టుకున్నాక నాలుగేళ్లు

ఒక ఆదివారం గోల్ఫ్ ఆట ముగించుకొచ్చి, బాల్కనీలో బకెట్టు ముందు పెట్టుకుని పాత టూత్‌బ్రష్‌తో క్లబ్బులు కడుగుతుంటే కనబడింది. నా సెవెన్ ఐరన్ (ఐరన్లంటే లోహపు తల ఉన్న క్లబ్బులు, నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోవాలి) ఫేస్ మీద, అంటే బంతికి తగిలే ముఖం మీద, సరిగ్గా నడిమధ్యన, రూపాయి బిళ్లంత మేర మెరుపు అరిగిపోయి మసకబారింది. ఫోర్ ఐరన్ మీద అలాంటి మచ్చే లేదు. టో (తల బయటి కొన) చివర ఒక గీత, హీల్ (కర్ర వైపు మడమ) పక్కన రెండు, అడుగు అంచున రాయి తగిలిన నొక్కు. రెండూ ఎనిమిదేళ్లు ఒకే బ్యాగులో తిరిగినవే. ఫోర్ ఐరన్‌తో బంతిని నడిమధ్యన కొట్టిన రోజులు ఎన్నో నేను చెప్పక్కర్లేదు, దాని ఫేసే చెబుతోంది.

అదే వారం హైబ్రిడ్ కొన్నాను, అంటే ఐరన్‌కూ, పెద్ద తల ఉన్న వుడ్‌కూ మధ్యరకం క్లబ్బు. నాలుగేళ్లయింది. ఈ మధ్య ఆట మొదలుపెట్టిన మిత్రులు ఇద్దరు ముగ్గురు ఫోర్ ఐరన్ తీసేసి హైబ్రిడ్ పెట్టుకోవాలా అని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా ఆట సంగతి చెప్పాలి, లేకపోతే నా లెక్కలు మీకు పనికిరావు. వయసు యాభైకి దగ్గర. హ్యాండిక్యాప్ 17 (ఇది ఎంత తక్కువైతే ఆటగాడు అంత గట్టివాడు). వారానికి ఒక ఆట, ఎక్కువగా గోల్కొండ కోట నయా ఖిల్లాలో, అప్పుడప్పుడూ అత్తగారి ఊరు వైజాగ్ వెళ్లినప్పుడు ఈస్ట్ పాయింట్‌లో. సెవెన్ ఐరన్‌తో 140 గజాలు కొడతాను (గజం అన్నా యార్డు అన్నా అదే). సిక్స్‌తో 150, ఫైవ్‌తో 160. ఆ లెక్కన ఫోర్‌తో 170 రావాలి కదా? రాదు. గాల్లో 163 దగ్గర దిగిపోయేది. తీసెయ్యాలా వద్దా అన్న ప్రశ్నకు నాకు దొరికిన తేలికైన పరీక్ష ఇదే. మీ ఫోర్, ఫైవ్ ఐరన్లు రెండూ ఇంచుమించు ఒకే చోట బంతిని దించుతుంటే, బ్యాగులో ఒక చోటు ఊరికే పోతున్నట్టు. రూల్స్ ప్రకారం మోసుకెళ్లగలిగేది 14 క్లబ్బులే.

ఎందుకలా అవుతుందంటే, నా వేగానికి ఫోర్ ఐరన్ బంతిని తగినంత పైకి లేపదు. దాని లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) 22 డిగ్రీలు, తల పలచన, బరువంతా ఫేస్ వెనకాలే. హైబ్రిడ్ లాఫ్ట్ కూడా 22 డిగ్రీలే, కానీ తల వెనక్కి ఉబ్బి ఉంటుంది, బరువు కిందికీ వెనక్కీ జరిగి ఉంటుంది. అందుకే అదే దెబ్బకు బంతి ఇంకా ఎత్తుకు లేస్తుంది. షాఫ్ట్ (క్లబ్బు కర్ర) కూడా ఒక అంగుళం పొడుగు. నాకు గాల్లోనే 175 వచ్చింది. అంతకంటే నాకు ఉపయోగపడింది ఎత్తు. ఫోర్ ఐరన్ బంతి గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి పచ్చిక) ముందు పడి, దొర్లుకుంటూ వెళ్లి వెనక గడ్డిలో దూరేది. హైబ్రిడ్ బంతి పై నుంచి దిగి, రెండు గెంతులు వేసి ఆగుతుంది. పార్ త్రీల మీద, అంటే ఒక్క దెబ్బకే గ్రీన్ చేరాల్సిన పొట్టి హోల్స్ మీద, ఈ తేడా బాగా తెలుస్తుంది.

అయితే మొదటి ఆరు నెలలు నాకు నరకం.

తప్పు నాదే. డ్రైవింగ్ రేంజ్‌లో, రబ్బరు మ్యాట్ మీద పరీక్షించి కొన్నాను. మ్యాట్ మీద బంతికి రెండంగుళాలు వెనకాల కొట్టినా హైబ్రిడ్ అడుగు వెడల్పు కాబట్టి జారిపోయి బంతిని అందుకుంటుంది. శబ్దం కూడా బాగుంటుంది. అలా 40 బంతులు కొట్టి, ‘ఇన్నాళ్లూ ఎందుకు కొనలేదురా బాబూ’ అనుకుంటూ డబ్బు కట్టేశాను. అది ఏప్రిల్. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఫెయిర్‌వే (గ్రీన్ దాకా గడ్డి కత్తిరించి ఉంచే దారి) ఎలా ఉంటుందో తెలిసిందే. నీళ్లు సరిగ్గా అందని చోట నేల ఎండి, కాల్చిన పెంకులా ఉంటుంది. అక్కడ అదే వెడల్పు అడుగు నేలకు తగిలి పైకి ఎగిరేది, ఫేస్ అంచు బంతి నడుముకు తగిలేది. బంతి మోకాలెత్తున దూసుకుపోయి ఎదురుగా ఉన్న బండను కొట్టేది. నయా ఖిల్లాలో బండలకు కొదవ లేదు.

రెండో ఇబ్బంది, ఎడమ వైపు హుక్, అంటే బంతి గాల్లో ఎడమకు బాగా వంగిపోవడం. ఐరన్‌తో నా తప్పుదెబ్బ ఎప్పుడూ కుడికే పోయేది. కుడికి పోయే బంతికి అలవాటు పడి, కాస్త ఎడమగా గురిపెట్టడం నేర్చుకున్నాను. హైబ్రిడ్ రాగానే ఆ గురి కాస్తా తిరగబడింది. ఎడమకు గురిపెట్టి ఇంకా ఎడమకు కొట్టేవాణ్ణి. కొనేటప్పుడు షాఫ్ట్ సంగతి అడిగితే కొట్టువాడు ‘అన్నీ ఒకటే సార్’ అన్నాడు. ఒకటి కాదు. నా ఐరన్లలో ఉన్నవి 120 గ్రాముల స్టీల్ షాఫ్టులు. వాడు అంటగట్టిన హైబ్రిడ్‌లో ఉన్నది 60 గ్రాముల గ్రాఫైట్. షాఫ్ట్ బరువు సగానికి సగం తగ్గితే చేతులు శరీరం కన్నా ముందు తిరిగేస్తాయి, ఫేస్ మూసుకుపోతుంది. ఇది అర్థమవడానికి నాకు ఒక ఎండాకాలం, డజను బంతులు పట్టాయి. చివరికి దాన్ని నష్టానికి అమ్మి, 80 గ్రాముల పైన షాఫ్ట్ ఉన్నది సెకండ్‌హ్యాండ్‌లో 9,000కి తీసుకున్నాను. హుక్ పూర్తిగా పోలేదు గానీ పొరుగు ఫెయిర్‌వే దాకా పోవడం మానేసింది. బ్రాండు అడగకండి. షాఫ్ట్ బరువు అడగండి.

మిగతాది మా క్యాడీ (బ్యాగు మోసే మనిషి) చేశాడు. ఆరేడు వారాలు ఏమీ అనకుండా చూసి, ఒకరోజు బంతి కాళ్ల ముందే దొర్లి ఆగిపోతే నవ్వు ఆపుకుంటూ అన్నాడు: “సార్, మీరు దీన్ని చీపురు లెక్క ఊడుస్తున్నరు. ఎయిట్ ఐరన్ లెక్కనే కిందికి కొట్టుండ్రి.”

“ఇది చూస్తే వుడ్ లాగా ఉంది కదన్నా?”

“సూడనీకే వుడ్డు సార్. కొట్టుడు ఐరనే.”

యూట్యూబ్‌లో గంటలకొద్దీ చూసినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. బంతిని ఎడమ మడమ ఎదురుగా కాకుండా రెండు బంతుల మందం లోపలికి జరిపి, చిన్న డివట్ (గడ్డి పెళ్ల) లేచేలా కిందికి కొట్టడం మొదలుపెట్టాక ఎండిన నేల మీద కూడా బాగానే లేస్తోంది.

అసలు దాని సత్తా తెలిసింది వానాకాలంలో. ఆగస్టుకల్లా రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పెరగనిచ్చిన చోట) గడ్డి చీలమండ దాకా వస్తుంది. అందులో ఫోర్ ఐరన్ పెట్టి ఊపితే గడ్డి షాఫ్ట్ మొదట్లో చుట్టుకుని తలను మెలితిప్పేస్తుంది. బంతి ఎడమకు, ముప్ఫై గజాల దూరంలో కూలబడుతుంది. హైబ్రిడ్ తల గుండ్రంగా ఉండటం వల్ల గడ్డిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. అంతకు ముందు అలాంటి చోట నైన్ ఐరన్ తీసి ఊరికే బయటపడేవాణ్ణి. ఇప్పుడు 150 దాకా లాగుతున్నాను. బంతి మరీ లోతుగా దిగబడితే మాత్రం నైన్ ఐరనే, అందులో మార్పు లేదు.

ఇది చేతకానివాళ్ల క్లబ్బు అనేవాళ్లు మా గుంపులో ఇంకా ఇద్దరున్నారు. వాళ్లకు 2009 పీజీఏ చాంపియన్‌షిప్ గుర్తుచేస్తుంటాను. మిన్నెసోటాలోని హేజెల్‌టీన్‌లో ఆఖరి హోల్. దక్షిణ కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ 200 గజాలకు పైనుంచి, దారిలో చెట్టు దాటించి, జెండా పక్కన బంతిని దించింది హైబ్రిడ్‌తోనే. మూడు రౌండ్ల తర్వాత ఆధిక్యంలో ఉండి టైగర్ వుడ్స్ మేజర్ (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) పోగొట్టుకున్నది అదే మొదటిసారి. అంతకు ముందు 2004లో స్కాట్లండ్‌లోని రాయల్ ట్రూన్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన టాడ్ హామిల్టన్, ప్లేఆఫ్ (స్కోర్లు సమమైతే ఆడే అదనపు ఆట) ఆఖరి హోల్లో గ్రీన్ బయటి నుంచి హైబ్రిడ్‌తో, పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బుతో) కొట్టినట్టు బంతిని దొర్లించి జెండా దగ్గర ఆపాడు. ఈ దొర్లించే విద్య నేనూ పట్టుకున్నాను. గ్రీన్ అంచున గడ్డి కొట్టేసి నేల గట్టిగా ఉన్నప్పుడు వెడ్జ్‌తో (దగ్గర్నుంచి బంతిని ఎత్తి వేసే క్లబ్బుతో) భయపడే చేతికి ఇది మంచి మందు.

కొన్నాక వచ్చిన చిక్కు ఇంకొకటి ఉంది. ఫోర్ హైబ్రిడ్ 175, నా ఫైవ్ వుడ్ 185. రెండిటికీ మధ్య త్రీ హైబ్రిడ్ కూడా కొన్నాను, ఎందుకో నాకే తెలియదు. రెండు నెలల్లో నాలుగుసార్లు తీశానేమో. అమ్మేశాను. ‘త్రీ తీసి త్రీ, ఫోర్ తీసి ఫోర్’ అని నంబరుకు నంబరు మార్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చూడాల్సింది లాఫ్ట్, గాల్లో దూరం. పైగా ఈ మధ్య వస్తున్న కొన్ని సెట్లలో ఫైవ్ ఐరన్ మీద రాసిన లాఫ్ట్ నా పాత ఫోర్ ఐరన్‌దే. అంటే నంబరు మారింది తప్ప కష్టం మారలేదు. అలాంటి సెట్టు ఉన్నవాళ్లు ఫైవ్ గురించి కూడా ఆలోచించాలి. నా ఫైవ్ ఐరన్ పాతకాలం లాఫ్ట్ కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

గాలి ఎదురైతే మాత్రం ఇదే ఎత్తు శాపం. ఈస్ట్ పాయింట్‌లో మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచాక, నా హైబ్రిడ్ బంతి గాలిపటంలా పైకి లేచి, ఒక క్షణం అక్కడే నిలబడి, 145 గజాల దగ్గర దిగింది. ఒకటి కాదు, మూడుసార్లు. నా బావమరిది ఫోర్ ఐరన్‌తో కిందుగా కొట్టి నన్ను దాటించి, “ఏం బావా, కొత్త కర్ర నిద్రపోతోందా?” అన్నాడు. వాడు హ్యాండిక్యాప్ ఎనిమిది, వాడి మణికట్లు వేరు. చేతివేగం ఉండి, సముద్రం పక్కన ఆడేవాళ్లు ఐరన్ తీసెయ్యనక్కర్లేదు.

అందుకే నా ఫోర్ ఐరన్ అమ్మలేదు, బీరువా పైన ఉంది. పోయిన డిసెంబరులో వైజాగ్ వెళ్తూ హైబ్రిడ్ తీసి దాన్ని బ్యాగులో పెట్టాను. ఆ పూట రెండుసార్లు వాడాను. ఒక బంతి గాలి కిందుగా వెళ్లి గ్రీన్ మీద ఆగింది. రెండోది టాప్ అయి (క్లబ్బు బంతి నెత్తికి తగిలి), కాస్త ముందుండే లేడీస్ టీ కూడా దాటలేదు.