క్యాటలినా నుంచి మోజావేకి దిగాక ఫోటోలు వెనక్కి తెచ్చుకోవడం: ఓఎస్‌ఎక్స్‌ఫోటోస్ ఏళ్లుగా వాడాక నా సమీక్ష

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మ్యాక్‌లో కొత్త ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) తీసేసి పాతది వేసుకున్నాక ఫోటోస్ యాప్ మీ లైబ్రరీని తెరవనంటే టెన్షన్ పడకండి, మీ ఫోటోలు ఎక్కడికీ పోలేదు. డేటా రికవరీ పేరుతో వేలకు వేలు అడిగే షాపుకి పరిగెత్తాల్సిన పని కూడా లేదు. ఓఎస్‌ఎక్స్‌ఫోటోస్ అని, ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి ఉంది. మా ఇంటి ఫోటోలన్నీ నాకు తిరిగి చేతికి ఇచ్చింది అదే. ఆ తర్వాత కూడా దాన్ని వదల్లేదు, మ్యాక్ మారినా ఇప్పటికీ బ్యాకప్‌కి అదే వాడుతున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది అప్పట్లో 2015 మ్యాక్‌బుక్ ప్రో. మోజావే అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌లో ఉన్నప్పుడు మా నాన్నగారి పాత నెగటివ్‌లు చాలావరకు స్కాన్ చేసి ఫోటోస్‌లో పెట్టాను. తర్వాత దాని పై వెర్షన్ క్యాటలినాకి మారాను. దాదాపు ఏడాది పాటు సెలవు రోజుల్లో నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫోటో చూపిస్తూ, ఇది ఎప్పటిది, ఎవరెవరున్నారు, ఎక్కడ తీసింది అని అడిగి రాసుకున్నాం. తేదీలు సరిచేశాం, ఆల్బమ్‌లు కట్టాం, కింద వివరాలు టైపు చేశాం. అంతలో మా బాబాయి వాళ్లింట్లో అటక మీద ఇంకో పెట్టె నెగటివ్‌లు దొరికాయి. కానీ క్యాటలినాలో 32 బిట్ అనే పాత తరహా ప్రోగ్రాములు ఏవీ నడవవు, నా స్కానర్ సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది, దానికి కొత్త వెర్షన్ రాలేదు. స్కానర్ మాత్రం భేషుగ్గా ఉంది. భేషుగ్గా పనిచేస్తున్న స్కానర్‌ని ఓఎస్ కోసం పారేయడానికి మనసొప్పలేదు, మోజావేకి దిగాలని నిర్ణయించుకున్నాను.

దిగడం పెద్ద కష్టమేమీ కాదు. మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ ప్రోగ్రాం టైమ్ మెషీన్‌తో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్, 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో మోజావే ఇన్‌స్టాలర్, డిస్క్ చెరిపి శుభ్రంగా ఇన్‌స్టాల్. ఒక్క విషయం గుర్తుంచుకోండి: కొత్త ఓఎస్‌లో తీసిన బ్యాకప్‌ని మైగ్రేషన్ అసిస్టెంట్ (బ్యాకప్ నుంచి అన్నీ తిరిగి తెచ్చే మ్యాక్ ప్రోగ్రాం) పాత ఓఎస్‌లోకి తీసుకోదు. ఫైండర్‌లో బ్యాకప్ డిస్క్ తెరిచి, కావలసిన ఫోల్డర్లు చేత్తో కాపీ చేసుకోవాల్సిందే. క్యాటలినా బ్యాకప్ కాబట్టి మోజావేలో డిస్క్ తెరుచుకుంది. అదే క్యాటలినా తర్వాతి బిగ్ సర్ లేదా ఆపై ఓఎస్‌లో, ఏపీఎఫ్‌ఎస్ అనే ఆపిల్ కొత్త డిస్క్ ఫార్మాట్ పద్ధతిలో తీసిన టైమ్ మెషీన్ బ్యాకప్ అయితే పాత ఓఎస్‌కి అంతుబట్టదు. అలాంటప్పుడు దిగకముందే లైబ్రరీ ఫైల్‌ని మామూలు కాపీగా ఇంకో డిస్క్‌లో పెట్టుకోవాలి.

లైబ్రరీ కాపీ చేసుకుని ఫోటోస్ తెరిస్తే, ఇది ఇంతకన్నా కొత్త వెర్షన్‌లో వాడిన లైబ్రరీ, తెరవడం కుదరదు అని వచ్చింది. మోజావేలో ఉన్నది ఫోటోస్ 4, క్యాటలినాలో ఉన్నది ఫోటోస్ 5. కొత్తది తెరవగానే లైబ్రరీ లోపలి డేటాబేస్‌ని కొత్త పద్ధతికి మార్చేస్తుంది, దాన్ని వెనక్కి మార్చే దారి యాప్‌లో లేదు. ఫోటోస్ ఐకాన్ నొక్కేటప్పుడు ఆప్షన్, కమాండ్ కీలు కలిపి పట్టుకుంటే రిపేర్ చేయమంటారా అని అడుగుతుంది కదా, అది పాడైన లైబ్రరీని బాగుచేయడానికి. ఇక్కడ లైబ్రరీ పాడవలేదు, పాత యాప్‌కి చదవడం రాదంతే, కాబట్టి దాని వల్ల లాభం లేదు.

ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది ఓఎస్ మార్చకముందు నాటి బ్యాకప్. మోజావేలో ఉన్నప్పుడే తీసిన లైబ్రరీ మీ టైమ్ మెషీన్‌లో ఉంటే దాన్ని బయటికి తీసి, ఆప్షన్ కీ పట్టుకుని ఫోటోస్ తెరిచి, ఆ లైబ్రరీని చూపిస్తే చాలు, ఏమీ జరగనట్టే తెరుచుకుంటుంది. తర్వాత తీసిన ఫోటోలు మాత్రం కలుపుకోవాలి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది. అలాగే ఐక్లౌడ్ ఫోటోస్‌లో అన్నీ పెట్టుకున్నవాళ్లు కొత్త ఖాళీ లైబ్రరీ చేసుకుని ఐక్లౌడ్ ఆన్ చేస్తే అన్నీ దిగిపోతాయి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ మా లైబ్రరీకి ఏ మూలకీ చాలదు కాబట్టి నాకు ఆ దారి లేదు. పాత బ్యాకప్ ఉంది గానీ, అందులో నాన్నగారితో కలిసి రాసుకున్నదేదీ లేదు. నాకు కావలసింది అదే.

ఇక లైబ్రరీ లోపల ఏముందో చూద్దామని పిక్చర్స్ ఫోల్డర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి షో ప్యాకేజ్ కంటెంట్స్ నొక్కాను. పైకి ఒక్క ఫైల్‌లా కనిపించేది నిజానికి ఒక ఫోల్డర్. మోజావే దాకా అందులో మాస్టర్స్ అని ఉండేది, సంవత్సరం, నెల, రోజు వారీగా సర్ది, ఫైళ్లకి కెమెరా పెట్టిన పేర్లే ఉండేవి. క్యాటలినా నుంచి అది ఒరిజినల్స్ అయింది. సున్నా నుంచి తొమ్మిది, ఆపైన ఎ నుంచి ఎఫ్ దాకా మొత్తం 16 ఫోల్డర్లు, వాటిలో అంకెలూ అక్షరాలూ కలిసిన 36 గుర్తుల పొడుగు పేర్లతో ఫైళ్లు. ఏ ఫోల్డర్ తెరిచినా నిన్నటి ఫోన్ ఫోటో పక్కనే 1970ల నాటి స్కాన్ ఉంటుంది. లైవ్ ఫోటో అయితే బొమ్మ ఒక ఫైల్, అదే పేరు చివర అండర్‌స్కోర్ మూడు చేర్చి చిన్న వీడియో ఇంకో ఫైల్.

ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పే సలహా ఏమిటంటే, ఆ ఒరిజినల్స్ ఫోల్డర్‌ని పట్టుకొచ్చి పాత ఫోటోస్‌లో ఇంపోర్ట్ కొట్టెయ్ అని. ఫోన్‌తో తీసిన ఫోటోలకి అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే తేదీ, చోటు ఫైల్‌లోనే ఉంటాయి. స్కాన్ చేసినవాటికి మాత్రం ఆ సలహా అస్సలు పనికిరాదు. 1991 గోదావరి పుష్కరాలప్పుడు రాజమండ్రిలో తీసిన ఫోటో మా దగ్గర ఒకటుంది. మా నాయనమ్మ తడి చీర కొంగు పిండుకుంటూ కెమెరా వైపు కోపంగా చూస్తుంటుంది, వెనకాల నీళ్లలో నడుముదాకా దిగి మా పెదనాన్న. నాన్నగారు చెబుతుంటే దాని కింద టైపు చేసిన నాలుగు ముక్కలు, 1991 అన్న తేదీ, నాయనమ్మ పేరు, పుష్కరాల ఆల్బమ్, ఇవేవీ ఆ ఫోటో ఫైల్‌లో లేవు. అన్నీ డేటాబేస్ ఫోల్డర్‌లో ఉన్న ఫోటోస్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఫైల్‌లో ఉన్నాయి. నేరుగా ఇంపోర్ట్ చేస్తే అది స్కాన్ చేసిన రోజు తేదీతో, పేరూ ఊరూ లేకుండా వచ్చి కూర్చుంటుంది.

ఓఎస్‌ఎక్స్‌ఫోటోస్ చేసేది ఆ డేటాబేస్‌ని చదవడమే. ఫోటోస్ యాప్‌ని అసలు తెరవదు. అన్నిటికన్నా నాకు పనికొచ్చిన గుణం ఏమిటంటే, కొత్త ఓఎస్‌లో తయారైన లైబ్రరీని పాత ఓఎస్ మీద కూర్చుని కూడా చదవగలదు. క్యాటలినా లైబ్రరీని మోజావేలో చూపించగానే ఆల్బమ్‌ల లిస్టు మొత్తం టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) తెలుగు అక్షరాలతో సహా వచ్చేసింది. అక్క పెళ్లి భీమవరం, పుష్కరాలు 1991, తాతగారి బడి అని వరసగా ఆ పేర్లు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. పైగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డేటాబేస్‌కి ఒక కాపీ తీసుకుని ఆ కాపీనే చదువుతుంది, అసలు లైబ్రరీలో ఏమీ రాయదు. పోయిందేమో అన్న భయంలో ఉన్నవాడికి ఇంతకన్నా పెద్ద భరోసా ఏముంటుంది.

నేను చేసిన విధానం ఇది. మొదట మిస్సింగ్ అనే ఆప్షన్‌తో, డేటాబేస్‌లో పేరుండి డిస్క్‌లో ఫైల్ లేనివి ఏమైనా ఉన్నాయా అని చూశాను. ఐక్లౌడ్‌లో ఆప్టిమైజ్ స్టోరేజ్ పెట్టుకున్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం, వాళ్ల ఒరిజినల్స్ మ్యాక్‌లో ఉండవు, ఐక్లౌడ్ నుంచే దించుకోవాలి. తర్వాత డ్రై రన్, అంటే ఏమీ కాపీ చేయకుండా ఏమేం చేస్తుందో చూపించడం. ఆపైన అసలు ఎక్స్‌పోర్ట్, ఆల్బమ్ పేరుతో ఫోల్డర్లు పెట్టమని చెప్పి. ఆ పొడుగు పేర్లు పోయి ఫైళ్లకి మొదటి పేర్లు తిరిగొచ్చాయి. దీనికి తోడు ఎగ్జిఫ్‌టూల్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంటే, సరిచేసిన తేదీలు, కింద రాసిన వివరాలు, కీవర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ లోపలే రాసేస్తుంది. నా దృష్టిలో ఈ టూల్ విలువంతా ఈ ఒక్క పనిలోనే ఉంది. పుష్కరాల ఫోటో మోజావే ఫోటోస్‌లోకి 1991 తేదీతో, నాన్నగారి మాటలతో దిగింది. ఆ మాటలు ఇప్పుడు ఫోటోలోనే ఉన్నాయి కాబట్టి రేపు ఏ యాప్‌కి, ఏ కంప్యూటర్‌కి మారినా ఫోటోతోపాటే వస్తాయి.

రానివి కూడా చెప్పాలి. ముఖాలకి పెట్టిన పేర్లు పాత ఫోటోస్‌లో మళ్లీ ముఖాల్లా రావు. అయితే మనుషుల పేర్లని కీవర్డ్‌లుగా రాయమనే ఆప్షన్ ఉంది, అది పెట్టాను, దాంతో సెర్చ్‌లో నాయనమ్మ పేరు కొడితే ఆవిడ ఉన్న ఫోటోలన్నీ వస్తున్నాయి. ఎడిట్ చేసిన ఫోటోలు ఒరిజినల్ ఒకటి, ఎడిటెడ్ అని చివర చేర్చినది ఒకటి, రెండు ఫైళ్లుగా వస్తాయి, రెండోది ఇంపోర్ట్ చేస్తే మామూలు ఫోటోలా ఉంటుంది. ఆల్బమ్‌లు ఫోల్డర్లుగా వస్తాయి కాబట్టి మళ్లీ ఆల్బమ్‌లుగా ఒక్కొక్కటీ కట్టుకున్నాను, అది ఓపిక పని. ఒకే ఫోటో మూడు ఆల్బమ్‌లలో ఉంటే మూడు ఫోల్డర్లలోనూ ఉంటుంది, ఇంపోర్ట్ చేసేటప్పుడు డూప్లికేట్ అని అడిగితే వద్దనండి.

ఏళ్లుగా వాడాక నాకు కనిపించిన లోపాలు రెండు మూడు. అంతా టెర్మినల్‌లో కమాండ్లు టైపు చేయాలి, కంప్యూటర్‌తో అంతగా పరిచయం లేనివాళ్లు ఎవరినైనా పక్కన పెట్టుకోవడం మంచిది. ఆప్షన్ల చిట్టా చాలా పొడుగు, మొదటిసారి చదివితే బుర్ర తిరుగుతుంది. ఈ టూల్ నడవడానికి కావలసిన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మోజావేతో వచ్చేది పాత రెండో వెర్షన్, ఈ టూల్‌కి మూడోది కావాలి, అది వేరుగా వేసుకోవాలి, పాత మ్యాక్ అయితే టూల్‌లో కూడా కాస్త పాత వెర్షన్ వెతుక్కోవాల్సి రావచ్చు. ఎగ్జిఫ్‌టూల్ కలిపితే ఎక్స్‌పోర్ట్ బాగా నెమ్మదిస్తుంది, పెద్ద లైబ్రరీ అయితే రాత్రి పెట్టి పడుకోండి. కొత్త మ్యాక్‌ఓఎస్ వచ్చినప్పుడల్లా డేటాబేస్ లోపల ఏదో ఒకటి మారుతుంటుంది కాబట్టి టూల్‌కి దానికి తగ్గ అప్‌డేట్ వచ్చేదాకా నేను ఓఎస్ మార్చను.

ఇప్పుడు నా పాత మ్యాక్ మోజావేతో స్కానర్ పక్కనే ఉంటుంది, రోజువారీ పనికి కొత్తది వచ్చింది. రెండింటిలోనూ ఇదే టూల్‌ని అప్‌డేట్ ఆప్షన్‌తో అప్పుడప్పుడూ నడుపుతాను. కొత్తగా చేరినవీ మారినవీ మాత్రమే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్తాయి. అక్కడ ఉన్నవి మామూలు ఫోల్డర్లు, మామూలు ఫైళ్లు, డిస్క్ విండోస్ చదవగలిగే ఫార్మాట్‌లో ఉంటే విండోస్ కంప్యూటర్‌కి తగిలించినా తెరుచుకుంటాయి. ఐఫోన్ తీసే హెచ్‌ఈఐసీ ఫైళ్లు తెరవలేనివాళ్లకి ఇవ్వాలంటే జేపెగ్‌గా మార్చి ఇచ్చే ఆప్షన్ కూడా ఉంది, మా అత్తయ్య వాళ్లకి అలాగే పంపుతుంటాను.

మొదలుపెట్టేవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. ముందుగా లైబ్రరీని మొత్తంగా ఇంకో డిస్క్‌కి కాపీ చేయండి, ఆ డిస్క్ మ్యాక్ పద్ధతిలో ఫార్మాట్ చేసినదై ఉండాలి, ఎక్స్‌ఫ్యాట్ (విండోస్, మ్యాక్ రెండూ చదివే ఫార్మాట్) మీద ఫోటోస్ లైబ్రరీని నేరుగా పెట్టొద్దు. టూల్ నడిపినప్పుడు అనుమతి లేదని ఎర్రర్ వస్తే సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ (కొత్త మ్యాక్‌ఓఎస్‌లలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ) తెరిచి, ఫుల్ డిస్క్ యాక్సెస్‌లో టెర్మినల్‌కి టిక్ పెట్టి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి.